విశాఖ ఎయిర్‌పోర్ట్‌ని జీవీఎంసీ నడపగలదా?

మీ ప్రశ్న: "ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో చిన్న చిన్న ఊళ్ల కౌన్సిళ్లే ఎయిర్‌పోర్టులు నడుపుతాయట. విమానాలన్నీ భోగాపురంలోని కొత్త ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లిపోతే, ఇక్కడున్న పాత ఎయిర్‌పోర్ట్‌ని మన నగర కార్పొరేషన్ జీవీఎంసీ తీసుకోకూడదా? కనీసం చిన్న విమానాలకైనా నడపకూడదా? మనవాళ్లకి అంత చేతకాదా?"

నేను పుట్టి పెరిగింది మర్రిపాలెంలో. మధ్యలో కొన్నేళ్లు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో, ఒక చిన్న ఊరి కౌన్సిల్ నడిపే ఎయిర్‌పోర్ట్‌లో ఉద్యోగం చేశాను. ఇప్పుడు మళ్లీ ఇక్కడే ఉంటున్నాను. అందుకే ఈ ప్రశ్నకి కాస్త వివరంగా జవాబు రాయాలనిపించింది.

మీరు అడిగిన పద్ధతిలో అయితే కుదరదు. ఇది చేతకావడం, చేతకాకపోవడం గురించి కాదు. మన ఎయిర్‌పోర్ట్ అసలు నేవీది. ఐఎన్ఎస్ డేగా వాళ్ల ఎయిర్ స్టేషన్. 2007 నుంచి వాడుతున్న 3,050 మీటర్ల పెద్ద రన్‌వే వాళ్లది, విమానాలకి దారి చెప్పే కంట్రోల్ టవర్ కూడా వాళ్లదే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చూసుకునేది మనం టికెట్ పట్టుకుని లోపలికి వెళ్లే టెర్మినల్ వైపు భాగం మాత్రమే. ఇక చట్టం సంగతి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో కేంద్రం జాబితాలో 29వ అంశంగా విమానాలు, విమానాశ్రయాలు ఉన్నాయి. మున్సిపాలిటీలకి అప్పగించదగ్గ పనులు పన్నెండో షెడ్యూల్లో 18 ఉన్నాయి. రోడ్లు, నీళ్లు, చెత్త, శ్మశానాలు, వీధి దీపాలు, కబేళాలు అన్నీ ఉన్నాయి గానీ ఎయిర్‌పోర్ట్ లేదు.

అయితే "మిలిటరీ స్థలం కాబట్టి కౌన్సిల్ అడుగు పెట్టలేదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. న్యూ సౌత్ వేల్స్‌లోనే వాగా వాగా అని ఒక ఊరు ఉంది. అక్కడి ఎయిర్‌పోర్ట్ భూమి రక్షణ శాఖది, పక్కనే ఎయిర్‌ఫోర్స్ బేస్. అయినా ఆ స్థలాన్ని లీజుకి తీసుకుని పౌర విమానాశ్రయాన్ని నడిపేది సిటీ కౌన్సిలే. పద్ధతి ఉంటే సాధ్యమే అనడానికి అది సాక్ష్యం.

ఆ పద్ధతి ఎలా వచ్చిందో చెప్తాను. ఆస్ట్రేలియాలో మొదట ఎయిర్‌పోర్టులు చాలావరకు ఫెడరల్ ప్రభుత్వం చేతిలోనే ఉండేవి. 1958 నుంచి ఒక పథకం కింద చిన్నవాటిని ఒక్కొక్కటిగా స్థానిక కౌన్సిళ్లకి అప్పగిస్తూ వచ్చారు. మొదట్లో నిర్వహణ ఖర్చులో కేంద్రం వాటా ఇచ్చేది. 1990ల మొదట్లో ఆ చేయూత ఆగిపోయింది, భారమంతా కౌన్సిళ్ల నెత్తిన పడింది. బాధ్యత దిగింది గానీ దానితో పాటు రావాల్సిన డబ్బు రాలేదు. అక్కడి చిన్న ఎయిర్‌పోర్టుల కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందో చూడండి. నాది రిపోర్టింగ్ ఆఫీసర్ పని. మాకు కంట్రోల్ టవర్ లేదు. పైలట్లు ఒకే రేడియో ఫ్రీక్వెన్సీ మీద ఎక్కడున్నారో, ఎటు తిరుగుతున్నారో వాళ్లకి వాళ్లే చెప్పుకుంటారు. పొద్దున్న మొదటి విమానం రాకముందే పికప్ బండి మీద పసుపు లైటు వేసుకుని, రేడియోలో "రన్‌వే మీదకి వస్తున్నాను" అని చెప్పి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా వెళ్లాలి. తారులో పగులు కొత్తగా వచ్చిందా, కంకర లేచిందా, రాత్రి ఏ విమానం నుంచైనా స్క్రూ ఊడి పడిందా అని చూస్తూ వెళ్తాం. చచ్చిన పక్షి కనబడితే తీసి, ఏ జాతిదో రిజిస్టర్లో రాస్తాం. కంచె కింద కంగారూలు తవ్విన సందు ఉందేమో చూస్తాం. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం, అదే విండ్‌సాక్, చిరిగిందా, లైట్లలో ఏది వెలగట్లేదు, అన్నీ చూడాల్సిందే. ఏదైనా తేడా ఉంటే వెంటనే నోటామ్ ఇవ్వాలి. అంటే దేశంలోని పైలట్లందరికీ "ఫలానా చోట ఫలానా లోపం ఉంది, జాగ్రత్త" అని అధికారికంగా తెలియజేయడం.

గడ్డి కోయడం కూడా ఒక విద్యే. మరీ పొట్టిగా కోస్తే పురుగులు బయటపడి పక్షులు గుంపులుగా దిగుతాయి. మరీ పెరగనిస్తే కుందేళ్లు చేరతాయి, వాటి కోసం గద్దలు వస్తాయి. ఎంత ఎత్తులో ఉంచాలో మా సీనియర్‌కి బాగా తెలుసు. ఆయన అంతకుముందు కౌన్సిల్ పార్కుల విభాగంలో పనిచేశాడు. చిన్న కౌన్సిల్ బలం నాకు అక్కడే కనబడింది. ఎయిర్‌పోర్ట్‌కి అవసరమైన గడ్డి మిషన్, తారు రోలరు, ఎలక్ట్రీషియన్, సర్వేయరు అన్నీ కౌన్సిల్ దగ్గర వేరే పనుల కోసం ముందే ఉంటాయి.

రాత్రి పూట ఎయిర్‌పోర్ట్‌లో ఎవరూ ఉండరు. పైలట్ దగ్గరికి వచ్చి రేడియో బటన్‌ని ఒక లెక్క ప్రకారం నొక్కితే రన్‌వే లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. కొంతసేపటికి ఆరిపోతాయి. ఆరేందుకు పది నిమిషాల ముందు విండ్‌సాక్ మీద లైటు మిణుకు మిణుకుమని హెచ్చరిస్తుంది. రాత్రంతా లైట్లు వేసి ఉంచే కరెంటు ఖర్చు చిన్న ఊరు భరించలేదు కాబట్టి ఈ ఏర్పాటు. ఫ్లయింగ్ డాక్టర్ అనే వైద్య సేవ విమానం అర్ధరాత్రి గుండెపోటు పేషెంటు కోసం దిగేది ఈ లైట్ల మధ్యే.

డబ్బు సంగతికొస్తే, దిగే విమానం బరువుని బట్టి టన్నుకి ఇంత అని వసూలు చేస్తారు, ప్రయాణికుల విమానమైతే తలకి ఇంత. మనిషి లేని ఎయిర్‌పోర్ట్‌లో దిగిన చిన్న విమానానికి బిల్లు ఎలా పంపుతారని మీకు అనుమానం రావచ్చు. రేడియోలో పైలట్ చెప్పిన విమానం గుర్తు రికార్డ్ అవుతుంది, దాన్ని బట్టి యజమానికి బిల్లు వెళ్తుంది. రోజుకి రెండు మూడు సార్లు వచ్చే 34 సీట్ల విమానం మీద వచ్చే ఆదాయంతో జీతాలు, గడ్డి, లైట్లు గడుస్తాయి. రన్‌వే మీద మళ్లీ తారు పోయాల్సిన ఏడాది వచ్చిందంటే మాత్రం గడవదు. అప్పుడు ఇంటి పన్ను డబ్బు ముట్టుకోవాలి, లేదా పైన ప్రభుత్వాన్ని గ్రాంటు అడగాలి.

ఆ లెక్క కౌన్సిల్ మీటింగ్‌లో అందరి ముందు తేలేది. అజెండా కాగితాలు కొన్ని రోజుల ముందే ఊరందరికీ అందుబాటులో పెడతారు. ఒకసారి ఒక పెద్దాయన లేచి "నేను జీవితంలో విమానం ఎక్కలేదు, ఎక్కను కూడా. నా ఇంటి పన్నుతో మీ రన్‌వే ఎందుకు?" అని అడిగాడు. వెనక వరసలో ఒకావిడ లేచి, తన భర్తని నగరం ఆసుపత్రికి తీసుకెళ్లిన రాత్రి గురించి చెప్పింది. ఎవరూ ఎవరినీ కసురుకోలేదు. ఇద్దరి మాటా మీటింగ్ రికార్డులో, అంటే మినిట్స్‌లో, ఎక్కింది. తర్వాత ఓటు పెట్టారు. ఎయిర్‌పోర్ట్‌కి ఖర్చుపెట్టిన ప్రతి డాలరూ ఎందుకు పెట్టారో అడిగే హక్కు ఆ ఊళ్లో ఎవరికైనా ఉంది. అక్కడ నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది అదే. ఆ లెక్క అలా మీటింగ్ ముందుకి రాకపోయినా విమానాలు తిరిగేవి. కానీ ఆ ఊరు దాన్ని "మాది" అనుకునేది కాదు.

అన్నీ బాగుంటాయని కాదు. విమాన సంస్థ తప్పుకుంటే కౌన్సిల్ చేతిలో ఏమీ ఉండదు. 2002 నుంచి ఆస్ట్రేలియా పల్లె ప్రాంతాలకి విమానాలు తిప్పుతున్న రెక్స్ అనే సంస్థ 2024 జులైలో అప్పుల పాలై అడ్మినిస్ట్రేటర్ల చేతికి వెళ్లింది. చిన్న ఊళ్ల టికెట్లకి ఫెడరల్ ప్రభుత్వం పూచీ పడాల్సి వచ్చింది. న్యూజిలాండ్‌లో వాంగనుయి ఎయిర్‌పోర్ట్ అక్కడి జిల్లా కౌన్సిల్, రవాణా శాఖ ఉమ్మడి ఆస్తి. 2016లో ఎయిర్ న్యూజిలాండ్ ఆక్లండ్ సర్వీసు మానేస్తే, ఎయిర్ చాథమ్స్ అనే చిన్న సంస్థ ఆ దారిని అందుకుంది. స్కాట్లండ్‌లో ఆర్క్‌నీ దీవుల్లో చిన్న దీవుల రన్‌వేలన్నీ ఐలండ్స్ కౌన్సిల్ చూసుకుంటుంది. వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి విమానం వెళ్లేది రెండు నిమిషాలే. అక్కడ లాభం ఎవరూ అడగరు, అది మన ఊరి పడవ రేవు లాంటిది.

మన దగ్గర చిన్న ఎయిర్‌పోర్టుల పరిస్థితి వేరు. 2017 ఏప్రిల్‌లో చిన్న ఊళ్లకి సబ్సిడీతో విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ మొదలైనప్పుడు మొదటి రోజు ఎగిరిన వాటిలో కడప–హైదరాబాద్ సర్వీసు కూడా ఉంది. చూసి సంతోషపడ్డాం. 2023లో ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక చూస్తే, మూడో విడత దాకా కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో పథకం గడువైన మూడేళ్లు పూర్తి చేసినవి 112. ఆ గడువు దాటాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. నా ఉద్దేశంలో దీనికి ఒక కారణం, ఆ ఎయిర్‌పోర్ట్ నిలబడాలని పోట్లాడే బాధ్యత ఊళ్లో ఎవరికీ లేకపోవడం. సబ్సిడీలో కేంద్రం 80 పాళ్లు, రాష్ట్రం 20 పాళ్లు ఇస్తాయి. పోలీసులు, ఫైరింజన్ రాష్ట్రం ఇస్తుంది. ఊరి మున్సిపాలిటీకి మాత్రం ఏ కమిటీలోనూ చెప్పుకోదగ్గ మాట ఉండదు. 2021 మార్చిలో కర్నూలు ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పుడు అక్కడి నుంచి మన విశాఖకి కూడా విమానం వేశారు. దాన్ని నడిపేది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. అలాంటి చోట్ల బోర్డులో స్థానిక మున్సిపాలిటీ, జిల్లా పరిషత్ ప్రతినిధులకి చోటు ఇవ్వాలి, ఏడాదికోసారి ఆదాయం, ఖర్చు తెలుగులో ప్రకటించాలి. మీరు కోరుకుంటున్న పద్ధతి మన రాష్ట్రంలో మొదలవ్వాల్సింది అక్కడ. లక్షల మంది తిరిగే విశాఖలో కాదు.

అయితే విశాఖలో జీవీఎంసీకి ఎయిర్‌పోర్ట్‌తో పని లేదనుకోవద్దు. సగం పని ఇప్పటికే దాని చేతిలో ఉంది, జనానికి తెలియదంతే.

మొదటిది చెత్త. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ రూలు ప్రకారం ఎయిర్‌పోర్ట్ చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పశువుల్ని కోసి వ్యర్థాలు పారేయడం, పక్షులు మూగేలా చెత్త వేయడం నేరం. ఆ 10 కిలోమీటర్లలో గాజువాక, ఎన్ఏడీ, గోపాలపట్నం, కంచరపాలెం, మల్కాపురం అన్నీ వస్తాయి. ఆదివారం మధ్యాహ్నం ఈ ఏరియాల్లో చికెన్ షాపుల వెనక కాలవ దగ్గర నిలబడి పైకి చూడండి. గద్దలు ఎన్ని తిరుగుతున్నాయో తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో నేను పక్షుల రిజిస్టర్ రాసేవాణ్ని కాబట్టి నాకు ఆ దృశ్యం చూస్తే టెన్షన్. ఒక్క గద్ద ఇంజిన్లో పడితే చాలు. ఆ కోడి వ్యర్థాలు సాయంత్రం లోపల ఎత్తించడం నేవీ పని కాదు, అథారిటీ పని కాదు. అది కార్పొరేషన్ పనే.

రెండోది నీళ్లు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను వానకి ఎయిర్‌పోర్ట్‌లో నీళ్లు చేరి, జనం ఇబ్బంది పడాల్సి వచ్చింది. అటు మేఘాద్రిగెడ్డ, ఇటు కొండల మీద నుంచి దిగే వాన, మధ్యలో పల్లపు నేల. గెడ్డల్లో, అంటే వాగుల్లో, పూడిక తీయకపోతే, గట్ల మీద ఇళ్లు లేస్తుంటే, లోపల ఎంత మంచి డ్రైనేజీ కట్టినా నీళ్లు పోయే దారి ఉండదు. మర్రిపాలెంలో మా వీధిలోనూ పెద్ద వాన పడితే జరిగేది అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ టెర్మినల్ పైకప్పు లేపేసినప్పుడు ఎవరూ ఏమీ చేయలేకపోయారు, అది గాలి. పూడిక అలా కాదు, వేసవిలో తీయించొచ్చు.

మూడోది ఇళ్ల ఎత్తు. రన్‌వే దిశల్లో ఎంత ఎత్తు వరకు కట్టొచ్చో నేవీ అనుమతి ఉండాలి. ప్లాన్ మీద సంతకం పెట్టేది మాత్రం కార్పొరేషన్. డాబా మీద తర్వాత లేచే వాటర్ ట్యాంకు, సెల్ టవర్ చూసుకోవాల్సింది కూడా వాళ్లే.

పౌర విమానాలు భోగాపురానికి మారినా ఈ మూడు పనులూ ఎక్కడికీ పోవు. డేగా నేవీ స్థావరంగా ఇక్కడే ఉంటుంది, పైలట్లు ఇదే గాలిలో ఎగురుతారు. భోగాపురం విజయనగరం జిల్లా, అక్కడ కట్టింది ప్రైవేటు సంస్థ, జీవీఎంసీ హద్దులో లేదు. చుట్టూ ఊళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. చికెన్ షాపు, గెడ్డ, ఇంటి ఎత్తు విషయాల్లో అక్కడి పంచాయతీలకి మొదటి నుంచే వాటా, నిధులు ఇవ్వాలి.

మీరు నిజంగా ఏదైనా చేయాలనుకుంటే మీ వార్డు కార్పొరేటర్‌ని "ఎయిర్‌పోర్ట్ తీసుకోండి" అని అడగకండి. ఎయిర్‌పోర్ట్ పరిసరాల మీద కార్పొరేషన్, నేవీ, అథారిటీ, జిల్లా యంత్రాంగం కలిసి కూర్చునే కమిటీ మీటింగులు ఎప్పుడు జరిగాయి, ఏం తీర్మానించారు, మినిట్స్ ఏవి అని అడగండి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. రక్షణ విషయాలు ఇవ్వరు, అది సబబే. చెత్త బండి ఏ టైముకి ఏ వీధికి వెళ్తోంది, గెడ్డల పూడికకి ఎంత ఖర్చయింది అన్నవి మాత్రం ఇవ్వక తప్పదు. మీది ఏ వార్డో కామెంట్లో చెప్తే, దరఖాస్తు రాయడంలో నేను సాయం చేస్తాను.