కోర్సు ఫీజు కట్టే ముందు ఓనెట్ చూడు

చి.సౌ. శిరీషకు,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. అమెరికాలో ఉద్యోగం చేసుకోడానికి అనుమతి కార్డు, అదే ఈఏడీ, చేతికొచ్చిందని అమ్మ చెప్పింది, సంతోషం. నాలుగేళ్ల బీ.ఫార్మసీతో అమెరికాలో ఫార్మసిస్టు కాలేమని తెలిసి నీరసపడ్డావట. ఆ మాట నిజమే. 2003 నుంచి పాసైన విదేశీ ఫార్మసీ పట్టభద్రులు పరీక్షలు రాసి ఫార్మసిస్టు లైసెన్సు తెచ్చుకునే దారిలో వెళ్లాలంటే ఐదేళ్ల చదువు ఉండాలి. అయితే ఆ ఒక్క తలుపు మూసుకుందని తిన్నగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుకి డబ్బు కట్టడం నాకు నచ్చలేదు. నార్త్ కరోలినాలో, మీ క్యారీ ఊళ్లో చుట్టుపక్కల వాళ్లందరూ అదే చేశారంటావు. హైదరాబాద్‌లో మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ల్యాబ్‌లో నువ్వు చేసిన ఉద్యోగాన్ని వాళ్లెవరైనా లెక్కలోకి తీసుకున్నారా?

అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ల ఓనెట్ ఆన్‌లైన్ (O*NET OnLine) అని ఒక వెబ్‌సైట్ ఉంది. పూర్తిగా ఉచితం. తొమ్మిది వందలకు పైగా వృత్తుల్లో రోజూ చేసే పనేమిటో, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో, ఎంత చదువు కావాలో అందులో ఉంటుంది. అందరూ దాన్ని తెరిచి ముందు జీతం చూస్తారు. నువ్వు మాత్రం 'టాస్క్స్' అనే భాగం చదువు. వెతికే చోట 'క్వాలిటీ కంట్రోల్ ఎనలిస్ట్స్' అని కొట్టు. ముడిసరుకుల పరీక్షలు, మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ శాంపిల్స్ పరీక్షలు, ఫలితాల్ని స్పెసిఫికేషన్‌తో సరిచూడడం, పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో చూసే క్యాలిబ్రేషన్, అనుమానంగా వచ్చిన ఫలితం మీద విచారణ... ఇదంతా నువ్వు చేసిన పనే కదా! ఫలితం స్పెసిఫికేషన్ దాటి ఓఓఎస్ వచ్చినప్పుడు రాత్రి పది దాకా ల్యాబ్‌లో ఉన్నానని ఫోన్లో ఎన్నిసార్లు విసుక్కున్నావో.

ఒక్కో వాక్యం పక్కన 'చేశాను', 'నేర్చుకోగలను', 'నా వల్ల కాదు' అని రాసుకో. తర్వాత అదే పేజీలో కింద 'రిలేటెడ్ ఆక్యుపేషన్స్' నొక్కి పక్క వృత్తుల్లోకి వెళ్లు. అక్కడ దొరక్కపోయినా మందుల అనుమతుల పని చూసే రెగ్యులేటరీ అఫైర్స్ స్పెషలిస్ట్స్, క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్స్, క్లినికల్ డేటా మేనేజర్స్ పేజీలు విడిగా వెతికి చదువు. మీ ర్యాలీ, డర్హమ్ వైపు మందుల కంపెనీలు, కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ నడిపే సంస్థలు బాగా ఉన్నాయి కాబట్టి ఇవి నీకు ఊరికే చదివే కబుర్లు కావు. కోఆర్డినేటర్ పని పేషెంట్లతో మాట్లాడేది, డేటా మేనేజర్ పని రోజంతా స్క్రీన్ ముందు. నీకేది పడుతుందో, పని ఎలాంటి పరిస్థితుల్లో జరుగుతుందో చెప్పే 'వర్క్ కాంటెక్స్ట్' భాగం చూస్తే తెలుస్తుంది. 'జాబ్ జోన్' అని ఒకటి నుంచి ఐదు దాకా అంకె ఉంటుంది. అది ఎంత తయారీ కావాలో చెప్పేది, హోదా కాదు. నాలుగంటే చాలావరకు డిగ్రీ స్థాయి.

జీతం దగ్గర ఒక తిరకాసుంది, చాలామంది గమనించరు. వృత్తి కోడ్ చివర చుక్క తర్వాత సున్నాలు కాకుండా వేరే అంకె ఉంటే, ఆ జీతం దాన్ని కలుపుకున్న పెద్ద వృత్తిది. క్లినికల్ డేటా మేనేజర్స్ పేజీలో కనబడేది డేటా సైంటిస్టుల జీతం! అది చూసి అల్లుడు ఎగిరి గంతేస్తాడు, ముందే చెప్పు. ఆ విషయం జీతం దగ్గరే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. క్యూసీ ఎనలిస్టులకైతే వేరే ఏ కోవలోనూ పడని సైన్స్ టెక్నీషియన్లందరినీ కలిపిన జీతం వేస్తారు. అందుకని అసలు జీతం మీ ఊరి ప్రకటనల్లోనే చూసుకో.

అదే పేజీలో ఆ వృత్తిని కంపెనీలు పిలిచే రకరకాల పేర్లు ఉంటాయి. ఉద్యోగాలు వెతికేటప్పుడు అవన్నీ ఒక్కొక్కటే కొట్టి చూడు. టాస్కుల వాక్యాలు మాత్రం రెజ్యూమేలో యథాతథంగా దింపకు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతావు.

ఓనెట్‌కి చెల్లెలిలాంటి మై నెక్స్ట్ మూవ్ అనే సైట్‌లో నీకు ఎలాంటి పనులు ఇష్టమో చెప్పే 60 ప్రశ్నల పరీక్ష కూడా ఉంది. సరదాగా చెయ్యి. చదువు, జీతం తలచుకోకుండా జవాబివ్వమంటారు, మనవాళ్లకి అదే కష్టం. వచ్చిన ఫలితాన్ని జాతకంలా పట్టుకు కూర్చోకు.

ఈలోపు గుంటూరు నుంచి నీ మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించమని నాన్నగారికి ఈరోజే చెప్పు. మన డిగ్రీ అమెరికాలో ఏ చదువుకి సమానమో తేల్చే డిగ్రీ ఎవాల్యుయేషన్‌కి అవి అడుగుతారు, యూనివర్సిటీ పని కాబట్టి ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. కోర్సు వాళ్లు ఈ వారంలో కడితేనే డిస్కౌంట్ అంటున్నారట. వచ్చే వారం కూడా అదే అంటారులే.

పెద్దమ్మ