బ్యాటరీ కొనే ముందు విమానం టికెట్టు చూసుకో

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడిగావు. కెమెరాకి ఏ బ్యాటరీలు కొనాలని ఒకటి, వాటిని విమానంలో ఎలా పట్టుకెళ్లాలని ఇంకొకటి. హడావిడిలో ఏదో చెప్పేశాను. పడుకున్నాక తట్టింది, అవి రెండు ప్రశ్నలు కావే అని. విమానమెక్కి షూటింగ్‌కి వెళ్లేవాళ్లకి ఏ బ్యాటరీ కొనాలో సగం ఎయిర్‌పోర్టే తేల్చేస్తుంది. అది తెలియక మొదట్లో నేను కొన్న పెద్ద బ్యాటరీలు ఇప్పటికీ మన ఊరు దాటలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు 100 అన్న అంకె గుర్తుపెట్టుకో. వంద వాట్ అవర్లు. బ్యాటరీలో ఎంత శక్తి ఉందో చెప్పే లెక్క అది. వోల్టుల్ని ఆంప్ అవర్లతో గుణిస్తే వస్తుంది. 14.4 వోల్టులు, 6.8 ఆంప్ అవర్లు అని రాసుంటే 97.9, అంటే 98 అనుకో. వంద లోపు ఉన్న స్పేర్ బ్యాటరీని చేతి బ్యాగులో పెట్టుకుని వెళ్లడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. కెమెరా వెనక ప్లేటుకి బ్యాటరీని తగిలించే పద్ధతులు రెండున్నాయి, వి-మౌంట్, గోల్డ్ మౌంట్ అని. రెండింట్లోనూ చాలా కంపెనీలు 98, 99 దగ్గర ఆగే ప్యాకులు చేసేది ఇందుకే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అదే 6.8 ఆంప్ అవర్ల ప్యాక్ మీద 14.8 వోల్టులని అచ్చేసి ఉంటే లెక్క 100.6 అవుతుంది. సెక్యూరిటీ దగ్గర ఫోన్ తీసి గుణించి చూసేవాళ్లు ఉంటారు. నేను చూశాను. కాబట్టి వోల్టులూ, ఆంప్ అవర్లూ మాత్రమే కాక వాట్ అవర్లు కూడా స్పష్టంగా అచ్చేసి ఉన్న బ్యాటరీయే కొను.

100 నుంచి 160 దాకా ఉన్నవి, అంటే మనవాళ్లు వాడే 150లు, ఎయిర్‌లైన్ ఒప్పుకుంటేనే, అదీ మనిషికి రెండు స్పేర్లే. ముందే మెయిల్ పెట్టి, జవాబు ప్రింటు తీసి దగ్గర ఉంచుకోవాలి. తిరుగు ప్రయాణం వేరే ఎయిర్‌లైన్‌లో అయితే వాళ్లనీ విడిగా అడగాలి. మధ్యలో విమానం మారుతుంటే, అందరిలోకీ ఎవరి రూలు గట్టిగా ఉంటే ఆ రూలే నీ రూలు. 160 దాటిందా, ఇక సామానులోనే కుదరదు. చేతి బ్యాగులోనూ కాదు, చెక్-ఇన్‌లోనూ కాదు, కెమెరాకి తగిలించి ఉన్నా కాదు. కార్గోలో పంపాలంటే అది ప్రమాదకర సరుకు కింద లెక్క. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలకి యూఎన్ 3480 అని నంబరు ఉంటుంది. 2016 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు సరుకుని ప్రయాణికుల విమానాల్లో కార్గోగా ఎక్కించడం లేదు. సరుకు విమానంలోనే, అదీ ఛార్జింగ్ 30 శాతం మించకుండా పంపాలి. రెండు రోజుల షూటింగ్‌కి అంత తతంగం ఎందుకు? పెద్దవి కావాలంటే దిగిన చోటే అద్దెకి తీసుకో.

"98 చాలదేమో మామయ్యా" అన్నావు కదా. కాగితం మీద వేసి చూద్దాం. కెమెరా బాడీ 45 వాట్లు తాగుతుందనుకో. మానిటర్, వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్, లెన్స్ మోటారు కలిపి ఇంకో 25. మొత్తం 70. మాన్యువల్‌లో రాసేది బాడీ లెక్క మాత్రమే, అది చూసి మోసపోకు. 98ని 70తో భాగిస్తే గంటా ఇరవై నాలుగు నిమిషాలు. కానీ చివరి బొట్టు దాకా వాడుకోలేం, వోల్టేజీ పడిపోతే కెమెరా ముందే ఆగిపోతుంది. గంటా పది నిమిషాలు వేసుకో. పది గంటల రోజంతా కెమెరా ఆన్‌లోనే ఉంటే తొమ్మిది బ్యాటరీలు. ఉండదు, కాబట్టి ఎనిమిదితో రోజు గడిచిపోతుంది. రెండు పెద్ద బ్యాటరీలు పాడైతే సగం రోజు పోతుంది, చిన్నవాటిలో ఒకటి పోతే గంట పోతుంది. నాకు చిన్నవే ఇష్టం. ఒకదాని మీద ఒకటి తగిలించుకునే బ్యాటరీలు, పాగ్‌లింక్ అనే బ్రాండు లాంటివి, కూడా ఉన్నాయి. విడిగా ఒక్కోటీ వంద లోపే, కెమెరా మీద మాత్రం రెండు కలిపి ఒకటి. 24 వోల్టులు అడిగే పెద్ద సినిమా కెమెరా చేతికొస్తే ఈ లెక్కంతా మారిపోతుంది, అప్పుడు ఫోన్ చెయ్.

బ్యాటరీల్ని లెక్కపెట్టుకుని ఛార్జర్‌ని మర్చిపోతారు అందరూ. 6.8 ఆంప్ అవర్ల ప్యాక్‌ని 2 ఆంపుల ఛార్జర్ మీద పెడితే నిండడానికి దగ్గర దగ్గర నాలుగు గంటలు. రెండు స్లాట్ల ఛార్జర్‌తో ఎనిమిది నిండాలంటే పదహారు గంటలు. ఇంక నిద్రెప్పుడు? నాలుగు స్లాట్లది, అన్నీ ఒకేసారి ఎక్కించేది తీసుకో. నాలుగు స్లాట్లున్నా ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించే రకం ఉంటుంది, అడిగి మరీ కొను. ఛార్జర్‌లో సెల్స్ ఉండవు కాబట్టి దాన్ని చెక్-ఇన్ పెట్టెలో వేసెయ్యొచ్చు. హోటల్ గదిలో మంచం మీద పెట్టి ఛార్జ్ చెయ్యకు, గచ్చు మీదో బల్ల మీదో పెట్టు.

కొనేటప్పుడు ఇంకో పని చెయ్. త్రాసు మీద పెట్టు. నవ్వకు. 98 వాట్ అవర్ల ప్యాక్ విప్పితే లోపల మామూలుగా 18650 అనే సైజు గుండ్రటి సెల్స్ ఎనిమిది ఉంటాయి, వరసకి నాలుగు చొప్పున రెండు వరసలు. ఒక్కో సెల్ సుమారు 47 గ్రాములు. 190 కావాలంటే అలాంటివి పదహారు. ఒట్టి సెల్సే ముప్పావు కిలో, పైన డొక్కు, సర్క్యూటు అదనం. 190 అని రాసి అర కిలో కూడా తూగని బ్యాటరీ ఎవరైనా చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చెయ్. సెకండ్ హ్యాండ్‌వి అయితే ఎన్ని సైకిళ్లు తిరిగాయో, అంటే ఎన్నిసార్లు నింపి ఖాళీ చేశారో చూడు. ప్లేటు మీద తగిలించి కదిపి చూడు. గట్టి డొక్కు వల్ల ఉబ్బు పైకి కనపడదు గానీ అతుకు దగ్గర సన్నగా నోరు తెరుచుకుంటుంది. తియ్యగా, నెయిల్ పాలిష్ లాంటి వాసన వచ్చినా అక్కడే వదిలెయ్. ఉబ్బినవీ, దెబ్బతిన్నవీ, కంపెనీ వెనక్కి పిలిచినవీ ఎంత చిన్నవైనా విమానం ఎక్కకూడదు.

లేబుల్ సంగతి చెప్పాలి. ఒకసారి ఆరు బ్యాటరీలతో బయలుదేరాను. అన్నీ 98లే, రూలు ప్రకారమే ఉన్నాను కదా అని ధీమా. అంతకు ముందు షూటింగ్‌లో ఎవరో నంబర్లు రాయడానికి బ్యాటరీల మీద గాఫర్ టేపు, అదే షూటింగుల్లో వాడే గుడ్డ టేపు, వేశారు. ముందు రోజు రాత్రి శుభ్రంగా కనపడాలని ఆ టేపు పీకాను. నాలుగింటి మీద అచ్చు కూడా టేపుతో పాటే ఊడి వచ్చింది. కౌంటర్‌లో ఆవిడ ఒక్కోటీ తిప్పి చూసి, "ఇది ఎంత?" అంది. 98 అన్నాను. "ఎక్కడుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. అక్షరాలు లేని నాలుగూ అక్కడే ఉండిపోయాయి, రెండింటితో దిగాను. ఆ రోజంతా ఒకటి కెమెరా మీద, ఒకటి ఛార్జర్ మీద. ఆవిడ తప్పేమీ లేదులే. నంబరు రాసుకో, కొన్న నెల కూడా రాసుకో, కానీ లేబుల్‌కి అవతలి వైపు.

స్పేర్లు చెక్-ఇన్‌లో ఎందుకు పెట్టనివ్వరో తెలిస్తే రూలు వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒక సెల్ లోపల షార్టయి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌కి, దాన్నుంచి ఆ పక్కదానికి పాకుతుంది. కింద సామాను అరలో మంటలార్పడానికి ఉండే హాలాన్ గ్యాసు పైమంటని ఆపుతుంది గానీ లోపలి వేడిని ఆపలేదు. పైన క్యాబిన్‌లో అయితే పొగ కనపడగానే సిబ్బంది వచ్చి నీళ్లు పోసి చల్లారుస్తారు. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ దగ్గర లిథియం బ్యాటరీలు మోస్తున్న ఒక సరుకు విమానంలో మంటలు లేచి, ఇద్దరు పైలట్లూ చనిపోయారు. అంచేత కౌంటర్‌లో వాళ్లు గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కోకు.

సర్దడం పెద్ద పనేం కాదు. ఒక్కో బ్యాటరీకి మూత పెట్టు, మూత లేకపోతే కాంటాక్టుల మీదా, డి-ట్యాప్ (మానిటర్ లాంటివాటికి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే సాకెట్టు) మీదా ఎలక్ట్రికల్ టేపు వెయ్. ఒక్కోదాన్నీ విడి సంచిలో పెట్టి, ఆ సంచులన్నీ ఒకే చిన్న బ్యాగులో వేసి, దాన్ని నీ చేతి బ్యాగులో పైనే ఉంచు. పైనే ఎందుకంటే, చిన్న విమానమైతే గేటు దగ్గర "మీ బ్యాగు కిందికి పంపిస్తాం" అని లాక్కుంటారు. ఆ కంగారులో బ్యాటరీలు లోపలే ఉండిపోయి కిందికి వెళ్తాయి. బ్యాగు ఇచ్చే ముందు ఆ చిన్న సంచి బయటికి లాగి చేత్తో పట్టుకో. సీటు కిందే పెట్టుకో, పై అరలో వద్దు. ఫుల్ ఛార్జ్ చేసి తీసుకెళ్లకు, మూడో వంతు చాలు, దిగాక ఎక్కించుకోవచ్చు. ఒక్కదాన్ని మాత్రం పనిచేసేలా ఉంచు, కెమెరా ఆన్ చేసి చూపించమని అడగొచ్చు. కెమెరాకి తగిలించినదాన్ని కూడా ఊడదీసే ప్రయాణం చెయ్. మనిషికి మొత్తం 20 స్పేర్లని సాధారణ రూలు, కొన్ని ఎయిర్‌లైన్స్‌లో ఇంకా తక్కువ. పవర్ బ్యాంకులూ అందులోకే వస్తాయి. యూనిట్‌లో తలా నాలుగు పంచుకుంటే ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఇది విమానం సంగతి కాదు గానీ చెప్పకుండా ఉండలేను. డి-ట్యాప్ నుంచి మానిటర్‌కి కరెంటు ఇచ్చేటప్పుడు ముందు పవర్ వైరు, తర్వాతే ఎస్‌డీఐ కేబుల్, అంటే కెమెరా నుంచి మానిటర్‌కి బొమ్మని తీసుకెళ్లే వైరు. తీసేటప్పుడు ముందు ఎస్‌డీఐ. తిరగేసి చేసి కెమెరా ఎస్‌డీఐ పోర్టు కాల్చుకున్నవాళ్లు బోలెడంతమంది. డి-ట్యాప్ ప్లగ్గు తలకిందులుగా బలవంతాన దూర్చినా అంతే సంగతులు.

షూటింగ్ అయ్యాక బ్యాటరీల్ని పూర్తిగా నింపీ పెట్టకు, పూర్తిగా ఖాళీ చేసీ పెట్టకు. సగం ఛార్జింగ్‌తో చల్లటి చోట ఉంచి, రెండు మూడు నెలలకోసారి చూసుకో.

కొనేముందు నువ్వు అనుకుంటున్న ప్యాక్ లేబుల్ ఫోటో, టికెట్లో ఉన్న ఎయిర్‌లైన్స్ పేర్లు వాట్సాప్‌లో పెట్టు. తిరుగు టికెట్టు కూడా.

మీ మామయ్య