పాఠకుల ప్రశ్నలు: గీత తేలని సముద్రంలో గ్యాస్ ఎవరిది?

ప్రశ్న: రెండు దేశాల సముద్ర సరిహద్దు తేలకముందే ఒకరు గ్యాస్ బావి తవ్వితే తప్పా? సరిహద్దు లెక్క ఎలా వేస్తారు?
– గ్రూప్స్ అభ్యర్థి, తిరుపతి

జవాబు: సర్వే చేయొచ్చు, ఏకపక్షంగా బావి తవ్వకూడదు. 2007లో దక్షిణ అమెరికా దేశాలైన గయానా–సురినామ్ కేసులో మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ చెప్పింది ఇదే. శబ్దతరంగాలు పంపి అడుగు పొరలు చూసే సీస్మిక్ సర్వేతో సముద్రగర్భం మారదు, తవ్వితే శాశ్వతంగా మారుతుంది. అక్కడ గయానా అనుమతిచ్చిన రిగ్గును (బావి తవ్వే వేదికను) 2000లో సురినామ్ నౌకాదళం బెదిరించి పంపేసింది. ఆ బెదిరింపూ చట్టవిరుద్ధమేనని ట్రైబ్యునల్ తేల్చింది.

ఇక లెక్క. పాటు వేళ నీరు నిలిచే గీత నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 370 కి.మీ., ప్రత్యేక ఆర్థిక మండలి (ఈఈజెడ్): అక్కడి చేపలు, గ్యాస్ మీద హక్కు ఆ తీరదేశానిదే. ఎదురెదురు తీరాల మధ్య 400 మైళ్లు లేకపోతే పేచీ మొదలు. పక్కపక్క తీరాలైతే ఎలాగూ తప్పదు. ముందు రెండు తీరాలకూ సమదూరంలో తాత్కాలిక గీత గీస్తారు. తీరం లోపలికి వంగి ఉంటే ఆ గీత ఒక దేశాన్ని మూలకు నెట్టేస్తుంది కాబట్టి కొంత జరుపుతారు. చివర్లో తీరాల పొడవుకూ, దక్కిన విస్తీర్ణానికీ మరీ పొంతన తప్పిందా అని చూస్తారు.

బంగ్లాదేశ్‌తో మన కేసు 2014 జూలై 7న ఇలాగే తేలింది. పేచీలోని 25,602 చ.కి.మీ.లో 19,467 వాళ్లకు వెళ్లింది. సరిహద్దు నదీముఖంలోని న్యూమూర్ దిబ్బను ఆధారబిందువుగా (గీతకు దూరం కొలిచే చోటుగా) తీసుకోవాలన్న మన వాదన నెగ్గలేదు. ఆ అంకెలు బట్టీపట్టి ‘భారత్ ఓడింది’ అని మాత్రం రాయకండి. పేచీ విస్తీర్ణం అంటే ఇరుపక్షాలూ అడిగిన దాని తేడా. ఎవరు ఎక్కువ అడిగినా అది పెరుగుతుంది.

గీత లేకుండానే పంచుకునే దారీ ఉంది. మలేషియా, థాయ్‌లాండ్ 1979లో చెరిసగం అనుకున్నాయి. తూర్పు తిమోర్, ఆస్ట్రేలియా 2018లో గీత గీసుకుని, గ్రేటర్ సన్‌రైజ్ గ్యాస్ క్షేత్రానికి వాటా వేరుగా రాసుకున్నాయి: పైపు తిమోర్‌కు వేస్తే ఆదాయంలో తిమోర్ వాటా 70 శాతం, ఆస్ట్రేలియాకు వేస్తే 80. పైపు ఎటన్నది తేలక గ్యాస్ ఏళ్ల తరబడి అడుగునే ఉండిపోయింది.

ప్రశ్న: మా తీరంలో వేటకెళ్లేవారికి ఈ బెడద ఉందా?
– ఒక పాఠకుడు, వాకాడు, తిరుపతి జిల్లా

జవాబు: మీ దగ్గర లేదు. శ్రీలంకతో గీత 1974, 1976 ఒప్పందాలతోనే తేలింది. బెడదంతా గుజరాత్ బోట్లలో కూలికి వెళ్లేవారికి. గుజరాత్‌కూ పాకిస్తాన్‌లోని సింధ్‌కూ మధ్య ఉన్న 96 కి.మీ. సముద్రపు పాయ సర్ క్రీక్‌లో సరిహద్దు తూర్పు గట్టున అని పాకిస్తాన్, నడిపాయలో అని మనం. అది తేలితేగానీ సముద్రంలో గీత ఎక్కడ మొదలవ్వాలో తేలదు. ఆ వైపు 2018లో పట్టుబడ్డ మన రాష్ట్ర మత్స్యకారులు 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అటు వెళ్లేవారు జీపీఎస్, వైర్‌లెస్, ఇంజిన్ సరిచూసుకున్నాకే బోటెక్కాలి. ఇంజిన్ ఆగితే ఆటుపోట్లే అవతలికి లాక్కెళ్తాయి.