కొత్త పెయింటు వేశాక మీటర్లు ఎందుకు మొరాయిస్తాయి?

ప్రశ్న: మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2కి టింకరింగు, పెయింటింగు చేయించాం. డ్యాష్‌బోర్డు, పెట్రోలు ట్యాంకు కూడా విప్పి రంగు కొట్టారు. మీటర్లు తిరిగి బిగించాక, ట్యాంకు అడుగంటినా పెట్రోలు ముల్లు ఫుల్ దగ్గరే ఉంటోంది. రాత్రి లైట్లు వేస్తే మీటరు బల్బులు మసగ్గా వెలుగుతున్నాయి, ముల్లు కూడా కదులుతోంది. ఈ ప్యానెల్ పనికిరాదు, డిజిటల్ మీటరు పెట్టించుకోమని మెకానిక్ అంటున్నారు. డైనమో తీసి ఆల్టర్నేటర్ కూడా వేయించాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దయచేసి ఆ ప్యానెల్ తీయించకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీటరు బాగానే ఉంది, పోయింది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి. పాత బళ్ళలో మీటరుకి, బల్బులకి, ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని కొలిచే ఫ్లోట్ యూనిట్‌కి ఆ తిరుగు దారి బాడీ రేకే. ఫ్యాక్టరీలో స్క్రూ కింద ఇనుముకు ఇనుము తగిలేది. ఇప్పుడు ఆ మధ్యలో ప్రైమరూ రంగూ మందంగా పరుచుకున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు పెయింటింగు అయి వచ్చే బండిలో నేను ముందు చూసేది ఇదే.

మెకానిక్ గారి మీద కోపం వద్దు, ముందు ఈ పరీక్ష చేయించండి. ఒక పొడుగాటి వైరు తీసుకుని ఒక కొస బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి, రెండో కొస మీటరు వెనక రేకు డొప్పకి తగిలించండి. బల్బులు తేటగా వెలిగితే ప్యానెల్ సంగతి తేలిపోయినట్టే. ఆ తర్వాత అదే కొసను ట్యాంకు రేకుకి, రంగు కొద్దిగా గీకి, తగిలించండి. ఫుల్ దగ్గరున్న ముల్లు కిందికి దిగితే అక్కడా ఎర్తే పోయినట్టు. అయితే ఏ టెర్మినల్ బాడీకి ఉందో ముందు చూసుకోండి. ఆ కాలపు బళ్ళలో కొన్నింటికి పాజిటివ్వే ఎర్త్. ఆల్టర్నేటర్ వేసినప్పుడు మీ బండికి అది మార్చే ఉంటారు, అయినా కంటితో చూసుకుంటేనే మంచిది.

ముల్లు నడకను కూడా గమనించండి. కీ తిప్పగానే టక్కున లేచిందంటే అది పాత అయస్కాంతపు రకం. దాంట్లో ట్యాంకు వైరు తెగినా, ట్యాంకుకు ఎర్త్ పోయినా ముల్లు ఫుల్‌కి పోతుంది. మీ బండిది ఇదే అయి ఉంటుందని నా అనుమానం. అలా కాక ముల్లు నిదానంగా పాకుతూ లేస్తే లోపల వేడికి వంగే పట్టీ ఉన్నట్టు. దానికి వెనకాల చిన్న వోల్టేజి స్టెబిలైజర్ ఉంటుంది, 12 వోల్టులను సగటున 10కి దించుతుంది. స్టెబిలైజర్ డొప్పకు ఎర్త్ అందకపోతే 12 వోల్టులూ నేరుగా వచ్చేసి ముల్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

డిజిటల్ మీటరు పెట్టినా మీ కష్టం తీరదు. ఫ్లోట్ యూనిట్ రెసిస్టెన్సు మీటరుకు సరిపోవాలి. అయస్కాంతపు రకంలో ట్యాంకు ఖాళీ అయితే రెసిస్టెన్సు తగ్గుతుంది, పట్టీ రకంలో పెరుగుతుంది. కొత్త మీటరు దీనికి కుదరకపోతే ట్యాంకు యూనిట్ కూడా మార్చాల్సి వస్తుంది. అప్పుడైనా అడిగేది ఆ ఎర్తే.

ఇక పని. బ్యాటరీ వైరు విప్పండి. మీటరు బిగించే ఒక స్క్రూ రంధ్రం వెనక వైపు, పైకి కనపడని చోట, రూపాయి బిళ్ళంత మేర ఎమరీ కాగితంతో రుద్ది తెల్లటి ఇనుము తేలనివ్వండి. పళ్ళున్న వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి, తుప్పు పట్టదు. నేనైతే దాంతో ఆగను. మీటరు డొప్ప నుంచి ఒకటి, ట్యాంకు యూనిట్ స్క్రూ నుంచి ఒకటి విడిగా నల్ల వైర్లు లాగి బాడీకి గట్టిగా బిగిస్తాను. కొత్త రంగు ముందు వైపు చెక్కుచెదరదు.

ఆల్టర్నేటర్ అన్నారు కాబట్టి ఇంకో మాట. చార్జింగ్ లైటు హోల్డర్‌లో ఎల్‌ఈడీ పెట్టనివ్వకండి. చాలా ఆల్టర్నేటర్లు చార్జింగ్ మొదలుపెట్టడానికి కావలసిన కాస్త కరెంటు ఆ బల్బు ద్వారానే వెళుతుంది. ఫిలమెంటు బల్బే ఉంచండి.

నాన్నగారు చూసిన ముల్లునే మీరూ చూస్తూ నడపాలి, అంత మంచి ప్యానెల్‌ను తుక్కులో వేయకండి.

ప్రశ్న: మా ఫియట్‌లో స్పీడోమీటరు ముల్లు 40 దగ్గర వణుకుతూ కీచుమంటోంది.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: కేబుల్ విప్పించి లోపలి తీగను బయటికి లాగండి. ఎండిపోయి ఉంటే కింది మూడింట రెండు వంతులకు పలచగా గ్రీజు రాయించండి, మీటరు వైపు కొస పొడిగా ఉండాలి. గ్రీజు మీటరులోకి ఎక్కితే ముల్లు ఇంకా పాడవుతుంది. తీగ పోగులు లేచి ఉంటే కేబులే మార్చేయండి. బిగించేటప్పుడు డ్యాష్‌బోర్డు వెనక అది మొనదేలి మడత పడకుండా గుండ్రంగా తిరగనివ్వండి.

ప్రశ్న: 50 ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ నంబరు తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: తీసుకోవచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, 10 ఏళ్ళ గడువు. చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేర్లు, పెట్రోలు కోసమే రోడ్డెక్కాలి. బండిలో ఆఫీసుకు వెళ్ళాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించుకోండి.