సైన్యం వేలంలో తుక్కు కొనే ముందు ఒక కాగితం అడగండి

మీ తమ్ముడు పాత ఇనుము వ్యాపారి అనీ, సైన్యం వేలంలో ఒక జీపు, కొంత తుక్కు కొనాలనుకుంటున్నాడనీ రాశారు. నియమాలేమిటి, ప్రమాదమేమైనా ఉందా అని అడిగారు. నేను సైన్యంలో ఆయుధాలు, సామగ్రి చూసే ఆర్డ్‌నెన్స్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. చివరి ఆరేళ్లు తుక్కు యార్డులోనే గడిచాయి. కొనవద్దని చెప్పను. ప్రమాదం మాత్రం ఉంది.

పనికిరాని సామగ్రి నేరుగా వేలానికి రాదు. అధికారుల బోర్డు దాన్ని చూసి, మరమ్మతు చేయించినా గిట్టదని రాసి సంతకాలు చేయాలి. ఆయుధ భాగాలైతే మళ్లీ వాడే వీలు లేకుండా కోసేస్తారు. ఆ తరువాత ఇనుము, ఇత్తడి, అల్యూమినియం, రబ్బరు వేరు చేసి లాట్లు, అంటే అమ్మకపు కుప్పలు, కడతారు. వేలం ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతుంది. సరుకు ఎక్కడుంటే అక్కడే, ఎలా ఉంటే అలాగే తీసుకోవాలన్నది షరతు. కాబట్టి తనిఖీకి ఇచ్చిన రోజుల్లో మీ తమ్ముడు స్వయంగా వెళ్లి చూడాలి. ఫొటోలు చూసి పాట పాడవద్దని చెప్పండి.

అక్కడ మొదట అడగవలసింది, ఈ లాటులో పేలుడు పదార్థం లేదని అధికారి సంతకం చేసిన ధ్రువపత్రం. మేము దాన్ని ఎఫ్‌ఎఫ్‌ఈ అనేవాళ్లం. ఆ సంతకం వెనుక ఎంత పని ఉంటుందో బయటివారికి తెలియదు. ఫైరింగ్ రేంజి నుంచి కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు సంచుల్లో వచ్చేవి. మా భాషలో ఖోఖాలు. ఒక్కొక్కటీ చేత్తో తీసి, మూతిని వెలుతురుకు పట్టి లోపల చూడాలి. వెనక్కి తిప్పి, అడుగున మందును రగిలించే క్యాప్ మీద తుపాకి సూది కొట్టిన గుంట ఉందో లేదో చూడాలి. గుంట పడినా పేలనివి ఉంటాయి, అందుకే రెండు వైపులా చూడాలి.

ఒక మధ్యాహ్నం మూడో సంచిలో చెయ్యి పెట్టిన కుర్ర సిపాయి ఉన్నట్టుండి ఆగిపోయాడు. అరచేతిలో ఉన్న తూటాకు తల అలాగే ఉంది, అడుగున గుంట లీలగా కనిపిస్తోంది. పొద్దుటి నుంచి చూసి పక్కన పెట్టిన సంచులన్నీ మళ్లీ గుమ్మరించి మొదటి నుంచి చూశాం. రెండు రోజులు పట్టింది. కొన్నవారి లారీ గేటు బయటే ఉంది, పైనుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. పని పూర్తయ్యేదాకా నేను సంతకం పెట్టలేదు. ఆ ఒక్క తూటా కొలిమిలో పడితే ఎదురుగా ఉండేది మీ తమ్ముడి లాంటివారే.

2004 సెప్టెంబరులో గజియాబాద్ దగ్గర సాహిబాబాద్‌లోని ఒక ఉక్కు కర్మాగారంలో, ఇరాన్ నుంచి వచ్చిన తుక్కులో కలిసి ఉన్న గుండ్లు పేలి పదిమంది చనిపోయారు. ముక్కలు చేయని విదేశీ తుక్కుకు, అందులో మందుగుండు లేదన్న తనిఖీ పత్రం తప్పనిసరి అయింది ఆ తరువాతే. 2018 నవంబరులో వార్ధా జిల్లా పుల్‌గావ్‌లో కాలం చెల్లిన మందుగుండును నిర్వీర్యం చేసే చోటే పేలుడు జరిగి ఆరుగురు పోయారు. ఆ పనికే కేటాయించిన మైదానంలో అంత జరిగితే, అంగడి వెనుక సుత్తితో కొట్టేవారి సంగతి ఆలోచించండి. రేంజి చుట్టుపక్కల ఏరిన ముక్కలు ఎవరు తెచ్చినా, ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు. లాటులో అనుమానం కలిగించే వస్తువు కనిపిస్తే కదపకూడదు, నీళ్లలో వేయకూడదు. మనుషులను దూరంగా పంపి 112కు ఫోన్ చేస్తే, బాంబు నిర్వీర్య దళాన్ని పోలీసులే పిలుస్తారు.

మందుగుండు లేని సామాను కూడా ప్రాణం తీయగలదు. ఫిరంగి కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను ఆపే యంత్రంలో నూనెతో పాటు నైట్రోజన్ వాయువు గట్టి ఒత్తిడితో ఉంటుంది. దాన్ని ఖాళీ చేయకుండా గ్యాస్ కట్టర్ పెడితే తునకలై లేస్తుంది. ఇంధన ట్యాంకులో చుక్క పెట్రోలు లేకపోయినా ఆవిరి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

చీకట్లో మెరిసే పాత దిక్సూచులు, మీటర్లు కనిపిస్తే పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వకండి. పాతవాటిలో రేడియం రంగు ఉండవచ్చు. కాలక్రమేణా మెరుపు పోతుంది గానీ రేడియం పోదు. అది సగానికి తగ్గడానికే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం పగలగొట్టవద్దు, రంగు గీకవద్దు. విడిగా ఉంచి అణుశక్తి నియంత్రణ మండలికి తెలియజేయండి. పాత బ్యాటరీలు, వాడేసిన నూనె, ఎలక్ట్రానిక్ సామాను రీసైక్లింగుకు అనుమతి ఉన్నవారికే వెళ్లాలి. మీ తమ్ముడికి ఆ అనుమతి లేకపోతే ఆ లాట్ల జోలికి పోవద్దు.

జీపు విషయం సులువే. వేలంలో కొన్న సైనిక వాహనాన్ని రిజిస్టరు చేయించడానికి సైనిక అధికారులు ఇచ్చే ఫారం 21 అమ్మకపు పత్రం అసలు ప్రతి కావాలి. బండి తీసుకునే రోజే అది చేతికి వచ్చేలా చూసుకోండి, తరువాత డిపో చుట్టూ తిరగడం చాలా కష్టం. రంగు కూడా మార్చాలి. రక్షణ శాఖవి కాని వాహనాలకు ఆలివ్ గ్రీన్ రంగు ఉండకూడదని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి 121వ నియమం చెబుతుంది. చాలామంది ఆ రంగు మీద మోజుతోనే కొని, ఆర్టీవో కార్యాలయం నుంచి వెనక్కి వస్తారు.

లాటు జాబితా చేతికి వచ్చాక అందులోని వస్తువుల పేర్లు ఇక్కడ రాయండి. కట్టర్ పెట్టకూడనివి ఏవో చూసి చెబుతాను.