పాస్‌పోర్టు కోసం పాప పుట్టిన ఊరు మార్చకండి

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు షార్జాలో ఉంటారు. మనవరాలు అక్కడి ఆసుపత్రిలోనే పుట్టింది. ఇప్పుడు మూడో నెల. కొత్త నిబంధన ప్రకారం మన మునిసిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం ఉంటేనే పిల్లలకు పాస్‌పోర్టు ఇస్తారని ఇక్కడ ఒక ఏజెంటు చెప్పాడు. పాప హైదరాబాద్‌లోనే పుట్టినట్టు నర్సింగ్ హోమ్ కాగితం సంపాదించి, జీహెచ్ఎంసీ సర్టిఫికెట్ తెప్పిస్తానంటున్నాడు. డబ్బు కట్టమంటారా?
– ఒక అమ్మమ్మ, మల్కాజిగిరి

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండమ్మా. ఇప్పటికే ఇచ్చి ఉంటే వదిలేసుకోండి, ఆ కాగితం మాత్రం తీసుకోకండి.

ఏజెంటు మాటలో సగం నిజముంది. 2025 ఫిబ్రవరిలో పాస్‌పోర్టు నిబంధనలు సవరించారు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. అంతకు ముందు పుట్టినవారికి స్కూలు టీసీ, పాన్ కార్డు వంటివి ఇప్పటికీ పనికొస్తాయి. అతను చెప్పని సగమే మీకు అవసరమైనది. విదేశంలో పుట్టిన మన పిల్లల జననాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే, అది మన 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద జరిగినట్టే లెక్క. ఆ చట్టంలోని 20వ సెక్షన్ ఈ సంగతే చెబుతోంది. షార్జా దుబాయ్ కాన్సులేట్ పరిధిలోది. పని మొత్తం అక్కడే జరగాలి.

పైగా ఒక్కసారి ఆలోచించండి. హైదరాబాద్‌లో పుట్టిన పసిపాప పాస్‌పోర్టు లేకుండా షార్జాకు ఎలా చేరింది అని కౌంటరు వెనక అధికారి అడిగితే మీ అమ్మాయి ఏం చెబుతుంది? తెలిసి తప్పుడు వివరాలిస్తే పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. శిక్ష తప్పినా చిక్కు తప్పదు. పుట్టిన ఊరు ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా ఉన్న పిల్లల ఫైళ్లు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. కాలేజీ వీసా వేళకు అది బయటపడుతుంది. అప్పుడు సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆ పిల్లలే. ఏజెంటు ఎక్కడా కనిపించడు.

మీరు తొందరపెట్టవలసింది గడువుల విషయంలో. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రులను బట్టి మన పౌరసత్వం రావాలంటే ఏడాదిలోపు కాన్సులేట్‌లో జననం నమోదు కావాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అక్కడ పుట్టినంత మాత్రాన యూఏఈ పౌరసత్వం రాదు కనుక ఈ నమోదే పాపకు ఆధారం. ఇంతకన్నా దగ్గర్లో ఇంకో గడువుంది: పుట్టిన 120 రోజుల్లోపు పాపకు అక్కడి నివాస వీసా తీసుకోవాలి, లేకపోతే జరిమానా. పాస్‌పోర్టు లేనిదే వీసా రాదు. మూడో నెల అంటున్నారు, ఈ వారమే కదలమనండి.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. బారసాల నాడు బియ్యంలో రాసిన పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఆసుపత్రిలో రాయించిన పేరు మూడూ వేరుగా ఉండటం మన ఇళ్లలో మామూలే. దరఖాస్తులో షార్జా జనన ధ్రువపత్రంలో ఉన్న పేరే, అవే అక్షరాలతో ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలవద్దు. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న సందర్శకులను రానివ్వబోమని యూఏఈ 2022లోనే ప్రకటించింది.

ఇక ఫోటో. 2025 సెప్టెంబరు నుంచి విదేశాల్లోని మన కార్యాలయాలు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాలకు తగిన ఫోటోలే తీసుకుంటున్నాయి: తెల్లటి నేపథ్యం, 630×810 పిక్సెళ్లు, ఫోటోలో 80 నుంచి 85 శాతం ముఖమే ఉండాలి. పసిపిల్లల విషయంలో స్టూడియో కన్నా ఇల్లే నయం. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన మంచం మీద తెల్ల దుప్పటి ముడతలు లేకుండా పరిచి, పాలు తాగి హుషారుగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, నిటారుగా పైనుంచి తీయాలి. కళ్లు తెరిచి ఉండాలి. తల పట్టుకున్న అమ్మ చేయి, తీసేవారి నీడ పడకూడదు. దిష్టిచుక్క ఆ కాసేపు తుడిచేయమనండి, తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పాస్‌పోర్టు గడువు ఎనిమిది నెలలే ఉంది. సంక్రాంతికి రెండు వారాలు వస్తున్నాడు. ఇక్కడే మార్పించుకోవచ్చా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చట్టప్రకారం అడ్డేమీ లేదు. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. 36 పేజీల పుస్తకానికి రూ.1,500, తత్కాల్ అయితే మరో రూ.2,000. ఫోటోను పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే తీస్తారు. అమీర్‌పేట కేంద్రం ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కు మారింది, పాత చోటికి వెళ్లకండి. అయినా రెండు వారాల్లో, అదీ పండగ సెలవుల మధ్య, పోలీసు విచారణ అడ్డొస్తే విమానం టికెట్ మార్చుకోవలసి వస్తుంది. వచ్చే ముందే అమెరికాలో చేయించుకోమని నా సలహా. ఆలస్యం మాత్రం వద్దు: తిరిగి వెళ్లేటప్పుడు అమెరికా విమానాశ్రయంలో పాస్‌పోర్టు గడువు వరకే ఐ-94 (ఆ దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చూపే నమోదు) ఇవ్వడం తరచుగా జరుగుతోంది. వీసా పాత పుస్తకంలో ఉంటే రెండు పుస్తకాలూ వెంట ఉంచుకోవాలి.

ప్రశ్న: చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టు వచ్చింది కదా, పాతది చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: దానిమీద అచ్చయిన గడువు తేదీ వరకు చెల్లుతుంది. చిప్ కోసం ముందుగా మార్చుకోనక్కరలేదు.