యాక్షన్ సినిమా మొదటి సీన్‌లోనే టెన్షన్ ఎలా పుడుతుంది?

కథ తెలియకముందే మన గుండె వేగం పెంచేది షాట్ల వరుస. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లి వెళ్లే పంటు (మనుషుల్నీ బండ్లనూ నది దాటించే పడవ) మీద సీన్ మొదలైందనుకుందాం.

ముందు పైనుంచి వైడ్ షాట్. చుట్టూ వశిష్ఠ గోదావరి నీళ్లు, మధ్యలో అగ్గిపెట్టంత పంటు. అందులో ఉన్నవాడికి పారిపోయే దారి లేదని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఈ షాట్‌ను కాస్త ఎక్కువసేపే ఉంచాలి. తొందరపడి కట్ చేస్తే భయం పట్టదు.

తర్వాత ఒక్కసారిగా క్లోజప్. ఇనుప రెయిలింగ్‌ను బిగించి పట్టుకున్న చెయ్యి, తెల్లబడిన వేళ్ల కణుపులు. ముఖం చూపించరు. అసలు పట్టంతా ఇక్కడే ఉంది. వాడు దేన్ని చూసి బిగుసుకుపోయాడో అని మన కళ్లే వెతకడం మొదలుపెడతాయి.

అప్పుడు వాడి చూపులోంచి ఒక షాట్: బైకుల మధ్య నుంచి ఇద్దరు వస్తున్నారు. వెంటనే అదే దృశ్యాన్ని ఒడ్డు నుంచి, దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే 135 ఎంఎం లెన్స్‌తో చూపిస్తే, మధ్యలో ఉన్న దూరం నలిగిపోయి ఆ ఇద్దరూ వాడి వీపుకు ఆనుకున్నట్టే కనిపిస్తారు. మనకు ఊపిరాడదు.

లో యాంగిల్, అంటే కెమెరాను కింద పెట్టి పైకి చూపడం, మనిషిని పెద్దగా చూపుతుంది, అది అందరికీ తెలిసిందే. స్లో మోషన్ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. సెకనుకు 48 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తే కదలిక సగం వేగానికి పడిపోతుంది. చాలామంది దాన్ని హీరో కాలు పెట్టగానే వాడేస్తారు. భయం బాగా ఎక్కాక, మొదటి దెబ్బ పడబోయే క్షణంలో వాడితేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది.